వంశవృక్షమున లేని పేర్లు

మన తెలుగువారు ఎచటికి వలసపోయినను మూడు వస్తువులను మాత్రము విడువక వెంట తీసికొని పోవుదురని పెద్దలు చెప్పగా వింటిమి. ఇంటి దేవత, ఇంటి పేరు, ఇంటి మాట. మధుర ప్రాంతమున స్థిరపడిన మా వంటి కుటుంబములకు నాయక రాజుల నాటి వలసకు గుర్తుగా నేటికిని మిగిలినవి ఈ మూడే. వీధిలో తమిళము, కచేరీలో ఆంగ్లము, వంటయింట తెలుగు. అయితే ఈ మూడింటితో పాటు నాలుగవది ఒకటి ఎవరికిని తెలియకుండ తరతరములుగా మన వెంట వచ్చుచున్నది. అది మన శరీరమునందే వ్రాయబడియున్న వ్రాత. దానిలోని ఒక్కొక్క పాఠమును నేటి శాస్త్రజ్ఞులు జన్యువు అందురు. ఆ వ్రాతలో పడిన చిన్న లోపమొకటి మా కుటుంబమున నాలుగు తరముల స్త్రీలను ఏమి చేసినదో, అది తెలిసిన పిదప మేమేమి చేసితిమో ఈ సంచిక చదువరులకు మనవి చేయుట మా ఉద్దేశము. మేము వైద్యులము కాము. మెట్రిక్యులేషను వఱకు చదివి, గుమాస్తాగిరీ చేసి విశ్రాంతి పొందినవారము. ఏండ్ల తరబడి రిజిస్టర్లు వ్రాసిన చేయి గనుక, విషయమును వరుస తప్పకుండ చెప్పగలమను ధైర్యము మాత్రము కలదు.

మా అమ్మమ్మను మేము చూడలేదు. మేము పుట్టుటకు ఒక ఏడు ముందు, 1958లో, ఆమె కాలము చేసినది. అప్పటికి ఆమెకు 43 ఏండ్లు. రొమ్మున గడ్డ లేచి, పగిలి, మానని పుండైనదట. రాచపుండు అనిరి. మా అమ్మ 1981లో 46వ యేట పోయినది. ఆమెకు రొమ్మున ఏమియు లేదు; కడుపు ఉబ్బి నీరు చేరినది. జలోదరమనిరి. మా అక్కకు 1999లో రొమ్మున గడ్డ కనబడినది. శస్త్రచికిత్స జరిగినది, మందులు ఎక్కించిరి. 2001లో, సరిగా అమ్మ పోయిన వయస్సుననే, ఆమెయు పోయినది. 2017లో మా అక్క కూతురునకు, 40వ యేట, అదే వ్యాధి.

ఈ నాలుగింటిని ఇట్లు ఒక్క పేరాలో వ్రాసినపుడు ఎవరికైనను వరుస కనబడును. కాని బ్రదుకులో అవి ఒక పేరాలో రాలేదు. సుమారు అరువది ఏండ్లపాటు, వేరువేరు ఇండ్లలో, వేరువేరు ఇంటిపేర్ల క్రింద, వేరువేరు జబ్బుల పేర్లతో వచ్చినవి. పెండ్లితో ఆడుబిడ్డకు ఇంటిపేరు మారును. ఆమె చావు అత్తవారింటి లెక్కలో పడును. పుట్టినింటివారు పది దినములు ఏడ్చి ఊరుకొందురు. బంధువులలో మాత్రము ఒక మాట ఉండెడిది: ఆ ఇంటి ఆడపడుచులు మనుమల పెండ్లి చూడరు అని. కొందఱు దానిని నాగదోషమనిరి, కొందఱు ఎవరో ముత్తైదువ పెట్టిన శాపమనిరి. పూజలు జరిగినవి, రామేశ్వర యాత్రలు జరిగినవి. మాట నిజమే, కారణము మాత్రము వేఱు.

మా అక్క వైద్యమును గూర్చి ఇచట ఒక మాట చెప్పవలెను. ఆమెకు 1999లో ఎక్కించిన మూడు మందులలో ఒకటి మెథోట్రెక్సేట్. ఆ మూడింటిని కలిపి రొమ్ము క్యాన్సరునకు ఇచ్చు పద్ధతిని ఇటలీ దేశపు వైద్యుడు బొనడోనా 1976లో ప్రకటించెను. కాని మెథోట్రెక్సేట్ ఏ జాతి మందులకు చెందినదో, ఆ జాతి అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో రూపుదిద్దుకొనినది మన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వముననే. 1895లో భీమవరమున పుట్టిన ఆ మహనీయుని పేరు మా అక్క చేతికి సూది గ్రుచ్చిన నర్సుకు తెలియదు. మేము చెప్పగా మా అక్క నవ్వి, “మనవాళ్ళ మందేనా, అయితే ఎట్లయినా పని చేస్తుంది లే” అన్నది. రెండేండ్లు పని చేసినది.

మా అక్క కూతురును మేము పరాయి ఇంటికి పంపలేదు. 1998లో మా తమ్మునికే ఇచ్చి చేసితిమి. మేనమామకు మేనకోడలిని ఇచ్చుట మన ఇండ్లలో క్రొత్త గాదు. కనుక ఆ బిడ్డ మాకు ఒక వైపున మేనకోడలు, మఱియొక వైపున మరదలు. ఆమె పిల్లలకు మేము తండ్రి వైపున పెదనాన్న, తల్లి వైపున తాత వరుస. వారు మమ్ము పండుగనాడు తాతా అనియు, డబ్బు కావలసినప్పుడు పెదనాన్నా అనియు పిలుతురు.

2017లో చెన్నపట్టణమున ఆమెకు వైద్యము జరిగినపుడు, ఆసుపత్రిలో ఒక యువతి కాగితమును, కలమును పట్టుకొని వచ్చి మా ప్రక్కన కూర్చున్నది. ఆమె పని మందిచ్చుట కాదు, వంశము అడుగుట. మూడు తరముల వఱకు, తల్లి వైపున, తండ్రి వైపున, ఎవరెవరు, ఏ వయస్సున, ఏ జబ్బుతో పోయిరో చెప్పుడని కోరినది. పురుషునకు చతురస్రము, స్త్రీకి వృత్తము. జబ్బు వచ్చినవారికి లోపల నలుపు. పోయినవారికి అడ్డముగా ఒక గీత. ఆ కాగితముపై వృత్తమును చతురస్రమును ఒకే ప్రమాణములో ఉండుట మేము గమనించితిమి.

మా ఇంట వంశవృక్షము లేకపోలేదు. మా తాతగారు ఎఱ్ఱ బట్ట చుట్టిన పద్దుపుస్తకములో ఏడు తరములు వ్రాసి ఉంచినారు. ఏడు తరముల పురుషుల పేర్లు, వారు కొన్న పొలములు, కట్టించిన మండపము, అన్నియు కలవు. కోడండ్ర విషయమున “ఫలానా వారి పుత్రిక” అని ఉన్నది, పేరు లేదు. కూతుండ్ర ప్రసక్తియే లేదు. అమ్మమ్మ తోబుట్టువులెందఱు అని ఆ యువతి అడిగినపుడు ఆ పద్దుపుస్తకము సమాధానము చెప్పలేక పోయినది. గోత్రము, ప్రవర, ఋషుల పేర్లు తడుముకొనక చెప్పగల మేము, మమ్ము కన్న తల్లిని కన్న తల్లికి చెల్లెండ్రెందఱో చెప్పలేని స్థితిలో ఉంటిమి. ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. ఈ సంచిక చదువుచున్న వారు తమ అమ్మమ్మ తోబుట్టువుల పేర్లు, వారు పోయిన వయస్సులు ఒకమారు వ్రేళ్ళమీద లెక్కించి చూతురు గాక.

ఆ మీదట ఆఱు నెలలు మేము పూనుకొని తిరిగితిమి. సాత్తూరు, కోవిల్పట్టి, రాజపాళయము. బస్సెక్కుట, వృద్ధుల ప్రక్కన కూర్చుండుట, కాఫీ త్రాగుట, అడుగుట. జబ్బు పేరు ఎవరును చెప్పరు. “గుండెల మీద వాపు వచ్చింది”, “కడుపులో నీళ్ళు”, “ఊరికే చిక్కిపోయింది”, “దిష్టి తగిలింది” అందురు. తొంబది దాటిన ఒక అవ్వ మాత్రము తన అక్క గూర్చి అడుగగా, కొంతసేపు మాటాడక, “రవిక తొడుక్కోవడం మానేసి పైట కప్పుకొని ఉండేది రా, వాసన వస్తుందని ఎవర్నీ దగ్గరికి రానిచ్చేది కాదు” అన్నది. అరువది ఏండ్ల తరువాత ఒక మనిషి ఆమె గూర్చి అడిగెనని ఆ అవ్వ కన్నీరు పెట్టుకొనినది. మొత్తము 19 మంది స్త్రీల వివరములు దొరికినవి. అందు 7 వృత్తములను నలుపు చేయవలసి వచ్చినది.

రక్తపరీక్ష ఫలితము వచ్చినది. మా మేనకోడలికి బి.ఆర్.సి.ఏ. 1 అను జన్యువున లోపము కలదనిరి. ఆ లోపము పేరు 185 డెల్ ఏజీ. దీని అర్థము మాకు బోధపడిన రీతిని చెప్పెదము.

మన శరీరమందలి దాదాపు ప్రతి కణమునను 23 జతల క్రోమోజోములుండును. ఒక్కొక్క జతలో ఒకటి తల్లి ఇచ్చినది, ఒకటి తండ్రి ఇచ్చినది. వానిపై నాలుగే అక్షరముల లిపితో శరీర నిర్మాణమునకు వలయు పాఠములు వ్రాయబడియున్నవి. కణము ఆ పాఠమును మూడేసి అక్షరముల చొప్పున చదువును. మన లిపిలో ఉదాహరణ చూపెదము. “కమల వనజ సరళ నగర” అని వ్రాసియున్నదనుకొందము. మొదటి మాటలోని “మల” అను రెండక్షరములు జారిపోయినవి. మూడేసి చొప్పుననే చదువవలెనను నియమము మారదు గనుక, పాఠము “కవన జసర ళనగ ర” అగును. మొదటి మాట అర్థవంతముగనే కనబడును. తరువాత అంతయు అయోమయము. రిజిస్టరులో ఒక గడి విడిచి వ్రాసిన గుమాస్తా వలన ఆ పుట అంతయు చెడినట్లే ఇదియు. మా ఇంట జారిపోయినవి ఎ, జి అను రెండక్షరములు. ఆ జన్యువు వలన తయారు కావలసిన మాంసకృత్తు 1863 పూసల హారము వంటిది. ఈ లోపము వలన అది 39వ చోటనే తెగిపోవును.

ఆ మాంసకృత్తు చేయు పని ఏమి? కణమందలి వ్రాత అప్పుడప్పుడు తెగుచుండును. తెగిన దానిని అతికించి సరిచేయువారిలో ఇది ముఖ్యమైనది. 17వ క్రోమోజోముపై ఉన్నది బి.ఆర్.సి.ఏ. 1, 13వ దానిపై ఉన్నది బి.ఆర్.సి.ఏ. 2, రెండును ఇట్టి మరమ్మతు పనివారే. జతలో ఒక ప్రతి చెడినను రెండవ ప్రతి పని చేయుచుండును. కనుక ఆ బిడ్డ ఆరోగ్యముగనే పుట్టి పెరుగును. ఎప్పుడో ఒకనాడు రొమ్మునందో అండాశయమునందో ఒక కణమున రెండవ ప్రతియు చెడినచో, అచట మరమ్మతు ఆగిపోవును. తప్పుపై తప్పు చేరి కణము కట్టు తప్పును. మా అమ్మకు వచ్చినది జలోదరము కాదనియు, అండాశయపు క్యాన్సరు అయి ఉండుననియు వైద్యులు అభిప్రాయపడిరి. ఒకే లోపము కూతురునకు కడుపున, తల్లికిని మనుమరాలికిని రొమ్మున కనబడినది. అందువలననే మా పెద్దలకు వరుస తెలియలేదు.

రొమ్ము క్యాన్సరు కొన్ని కుటుంబములలో పారంపర్యముగా వచ్చునని ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు పాల్ బ్రోకా 1866లోనే వ్రాసెను. ఆయన వర్ణించినది తన భార్య కుటుంబమును. అయినను కారణము తెలియుటకు నూరేండ్లకు పైగా పట్టినది. అమెరికా శాస్త్రజ్ఞురాలు మేరీ క్లెయిర్ కింగ్ ఏండ్ల తరబడి ఇట్టి కుటుంబముల వంశవృక్షములను సేకరించి, 1990లో ఆ జన్యువు 17వ క్రోమోజోముపై ఎచట ఉన్నదో చూపెను. 1994లో దాని పూర్తి పాఠము దొరికినది. 1995లో రెండవ జన్యువు దొరికినది. ఆ జన్యువులపై ఒక వ్యాపార సంస్థ హక్కు పొందియుండుటచే కొంతకాలము ఆ దేశమున పరీక్ష మిక్కిలి ప్రియముగా ఉండెను. ప్రకృతి ఇచ్చిన జన్యువుపై ఎవరికిని పేటెంటు హక్కు లేదని అమెరికా సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పినది. అదే సంవత్సరమున ఏంజెలీనా జోలీ అను నటి, తల్లి అండాశయపు క్యాన్సరుతో పోవుట చూచి, తనకును ఈ లోపము కలదని తెలిసికొని, జబ్బు రాకముందే రొమ్ములు తీయించుకొంటినని పత్రికకు వ్రాసెను. దానితో ఈ సంగతి లోకమంతట పొక్కినది.

మా ఇంటి లోపమగు 185 డెల్ ఏజీ యూదులలో, ముఖ్యముగా ఐరోపా నుండి వచ్చిన అష్కెనాజీ యూదులలో, బాగుగా ఎఱిగినది. వారిలో సుమారు 40 మందిలో ఒకరికి ఇదియో, ఇట్టి మఱి రెంటిలో ఒకటియో ఉండును. మఱి మధురలో తెలుగు మాటాడు ఇంటికి ఇది ఎట్లు వచ్చినది? మేమును అదే అడిగితిమి. దక్షిణ భారతమునందలి రోగులను పరీక్షించి 2009లో ప్రకటించిన పరిశోధనలో ఇదే లోపము మన ప్రాంతమునను తఱచుగా కనబడినదని చెప్పిరి. ఒక భారతీయ కుటుంబమునందలి లోపమును పరిశీలించినవారు అది యూదుల దాని నుండి రాలేదనియు, వేఱుగా పుట్టినదనియు కనుగొనిరి. ఒకే అచ్చుతప్పు రెండు ముద్రాక్షరశాలలలో పడుట వంటిది.

మన కులములు, మన మేనరికములు దీనికి కారణమా అని మిత్రులు అడుగుచుందురు. సమాధానము జాగ్రత్తగా చెప్పవలెను. ఈ లోపము మేనరికము వలన పుట్టదు. ఒక్క ప్రతి చెడిన చాలును గనుక, పరాయి సంబంధము చేసికొన్నను, లోపమున్నవారి బిడ్డలలో ప్రతి ఒక్కరికి అది వచ్చుటకు సగము పాలు అవకాశము ఉండనే యుండును. అయితే తరతరములుగా ఒకే వలయములో పెండ్లిండ్లు జరిగినచో, ఎప్పుడో ఒక పూర్వునికి పడిన లోపము బయటకు పోక ఆ వలయముననే తిరుగుచుండును. ఆర్యవైశ్యులలో కొందఱకు మత్తు వైద్యులు కండరములను సడలించుటకు ఇచ్చు ఒక మందు త్వరగా విఱుగక ఊపిరికి ఇబ్బంది కలుగునని వైద్యులెఱుగుదురు. 2017లో వచ్చిన ఒక పరిశోధన దానిని ఇట్టి దృష్టాంతముగనే పేర్కొన్నది. ఇది ఏ కులమునకును నింద కాదు. తెలిసియుండుటచే మత్తు వైద్యుడు మందు మార్చును; ప్రాణము నిలుచును. తెలియుట యొక్క ప్రయోజనమంతయు అందే ఉన్నది.

మా ఇంట మేనరికము ఒక ప్రత్యేకమైన చిక్కును తెచ్చినది. మా మేనకోడలికి లోపము వచ్చినది మా అక్క నుండి. అక్కకు మా అమ్మ నుండి. అమ్మకు మేమును, మా తమ్ముడును కూడ బిడ్డలమే గదా! భార్యకు ఉన్న లోపమే భర్తకును ఉన్నచో బిడ్డల సంగతి ఏమి? అందుచేత మేమిరువురము రక్తమిచ్చితిమి. రొమ్ము జబ్బునకు మగవారేల పరీక్షించుకొనవలెనని బంధువులు నవ్విరి. ప్రయోగశాలలోని కుఱ్ఱవాడు మా పేరు పిలిచి, మమ్ము చూచి, “అమ్మగారు రాలేదా సార్?” అనెను. కాని మూడు వారముల తరువాత వచ్చిన కాగితము పరిహాసమాడలేదు. మా తమ్మునికి లోపము లేదు. మాకు ఉన్నది.

మగవానికి ఈ జన్యువు వలన వచ్చు భయము స్త్రీకన్న చాల తక్కువ. రెండవ జన్యువున లోపమున్న పురుషులకు రొమ్మునను, పౌరుష గ్రంథియందును క్యాన్సరు భయము హెచ్చు. మొదటి దానియందు అంత లేదు. కాని మగవాడు దానిని మోయును. మోసి కూతురునకు అప్పగించును. తండ్రి వైపు నుండి ఈ వ్యాధి రాదనునది చదువుకొన్నవారిలోను ఉన్న భ్రమ. కన్యాదానమున ఏమేమి ఇచ్చితిమో మేము చిట్టా వ్రాసి ఉంచితిమి. ఈ ఒక్కటి మాత్రము ఆ చిట్టాలో లేదు.

మాకు ఇద్దఱు కుమార్తెలు. ఇరువురును పరీక్షించుకొనిరి. పెద్దదానికి లేదు, ఇంటి లోపము తనకు లేదని తేలినవారికి, ఆ లోపము వలని భయము లేదు, వారి బిడ్డలకును లేదు. చిన్నదానికి ఉన్నది. ఆ దినమున పెద్దది ఏడ్చినది, చిన్నది ఓదార్చినది. మేమిరువురము తలిదండ్రులము వారిని చూచుచు కూర్చుంటిమి.

ఇంతకును లోపమున్నదనగా జబ్బు ఉన్నదని కాదు. సుమారు పదివేల మంది స్త్రీలను ఏండ్ల తరబడి పరిశీలించి 2017లో ప్రకటించిన లెక్క ఇది: బి.ఆర్.సి.ఏ. 1 లోపమున్నవారిలో ఎనుబదవ యేడు నిండులోపల నూటికి 72 మందికి రొమ్మునను, 44 మందికి అండాశయమునను క్యాన్సరు వచ్చును. రెండవ జన్యువు లోపమునకు ఆ లెక్కలు 69, 17. పెద్ద అంకెలే. కాని నూరు కావు. మఱియు రొమ్ము క్యాన్సరు వచ్చిన వారందఱికిని ఇది కారణము కాదు. నూటికి అయిదు నుండి పది వఱకు మాత్రమే ఇట్లు పారంపర్యముగా వచ్చును. కనుక ఇంట ఒకరికి వచ్చినంతనే అందఱు భయపడ పనిలేదు. చిన్న వయస్సున వచ్చుట, ఒకే వైపున పలువురకు వచ్చుట, రొమ్మును అండాశయమును రెండును ఒకే వంశమున చెడుట, మగవానికి రొమ్ము క్యాన్సరు వచ్చుట, ఇవి గుర్తులు. అట్టి ఇంట మొదట జబ్బు వచ్చినవారిని పరీక్షించుట మేలు. లోపము ఏ చోటనో ఒకసారి తెలిసినచో, తక్కినవారికి ఆ ఒక్క చోట చూచిన చాలును. ఖర్చు మిక్కిలి తగ్గును.

లోపమున్నవారు చేయదగినది కలదు. మా చిన్నమ్మాయి ఏటేట ఎం.ఆర్.ఐ. తీయించుకొనుచున్నది. ఇద్దఱు బిడ్డలు కలిగిన పిదప 2023లో, 36వ యేట, అండాశయములను, వాని నాళములను తీయించుకొనినది. ఈ లోపమున్నవారికి 35, 40 ఏండ్ల నడుమ అట్లు చేయుమని వైద్యులు సలహా ఇత్తురు. అండాశయపు క్యాన్సరును ముందుగా కనిపెట్టు నమ్మదగిన పరీక్ష లేకుండుటయే దానికి కారణము. రొమ్ములు తీయించుకొనుట ఆమెకు ఇష్టము లేదు; అది ఆమె ఇష్టమే. మా మేనకోడలు శస్త్రచికిత్స, మందులు ముగించుకొని ఎనిమిదేండ్లుగా ఆరోగ్యముగా ఉన్నది. ఈ లోపమున్న క్యాన్సరు కణముల బలహీనతనే పట్టుకొని వానిని చంపు ఓలాపరిబ్ అను మందు 2014లో అమెరికాలోను ఐరోపాలోను అనుమతి పొందినది. మా అక్క కాలమున ఈ మందు లేదు. తలవ్రాత అని మనమందుము. తలవ్రాతను ఎవరును చదువలేరు. ఇది చదువగల వ్రాత.

ఇక మిగిలినది మా తమ్ముని కుమార్తె. 2000లో పుట్టిన బిడ్డ; మా అక్క చేతులారా ఎత్తుకొనిన మనుమరాలు. 2024లో సంబంధములు చూచుట మొదలైనది. ఆమె తండ్రికి లోపము లేకున్నను, తల్లికి ఉన్నది గనుక సగము పాలు భయము. మగపెండ్లివారికి చెప్పవలెనా వద్దా అని మా ఇంట పెద్ద సభయే జరిగినది. పెద్దలలో పలువురు వద్దనిరి. జాతకములు కుదిరిన చాలును, రక్తమెందులకు అనిరి. పెండ్లి చెడగొట్టుటకు ఇంతకన్న మార్గము లేదనిరి. వారి మాటలో దురుద్దేశము లేదు. పిల్ల బ్రదుకు బాగుండవలెనను ఆరాటమే. మేము నిర్ణయము చెప్పుటకు ముందే మా మేనకోడలు లేచి నిలిచినది.

“అమ్మమ్మకు తెలీదు, అమ్మకు తెలీదు. తెలీకనే పోయినారు. నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకొని నా కూతుర్ని పంపిస్తే, రేపు దానికి గడ్డ వచ్చిన రోజు అత్తగారింట్లో దాని మాట ఎవరు నమ్ముతారు?” అన్నది.

అంతవఱకు మౌనముగా నున్న పిల్ల మా వైపు తిరిగి, “పెదనాన్నా, మీరే మాట్లాడండి వాళ్ళతో. మీకు లెక్కగా చెప్పడం వచ్చు” అనెను. ఆ దినము తాతా అనలేదు.

మొదట వచ్చినవారికి మేము స్వయముగా పోయి చెప్పితిమి. వారు మర్యాదగా విని, మర్యాదగా కాఫీ ఇచ్చి, పది దినముల తరువాత ముహూర్తములు కుదురలేదని కబురంపిరి. రెండవ ఇంట కూడ అట్లే వివరించితిమి. వృత్తములు, చతురస్రములు గీసిన కాగితము కూడ చూపితిమి. పెండ్లికొడుకు తల్లి ఆ కాగితమును చాలసేపు చూచి, “మా ఇంట్లో మూడు తరాలుగా చక్కెర జబ్బు. మా ఆయన నలభై ఎనిమిదికే పోయినారు. మేము ఎవరికి చెప్పినాము? మీరు చెప్పినారు” అన్నది. 2025 వైశాఖమున పెండ్లి జరిగినది. ఆ బిడ్డ పరీక్ష చేయించుకొనినది. ఫలితమేమో ఇచట వ్రాయము. అది ఆమె సొత్తు. చెప్పదలచినవారికి ఆమెయే చెప్పును.

చెన్నపట్టణమున అడయారు క్యాన్సరు ఆసుపత్రిని 1954లో నెలకొల్పిన డాక్టరు ముత్తులక్ష్మి రెడ్డిగారు, తన చెల్లెలు క్యాన్సరుతో పోవుట కన్నులార చూచిన దుఃఖముననే ఆ పనికి పూనుకొనిరి. ఒక తోబుట్టువు చావు వృథా కాకుండ చేయుటకు అది ఒక మార్గము. అంతటి శక్తి అందఱకు ఉండదు. కాని కాగితము, కలము అందఱ ఇండ్ల నున్నవి.

కాబట్టి మన సంఘము వారికి ఒక విన్నపము. ఏటేట ఉగాది నాడు మనము కూడి, పంచాంగ శ్రవణము చేసి, రాబోవు ఏటి ఆదాయ వ్యయములు వినుచున్నాము. ఆ దినముననే ప్రతి కుటుంబము ఒక గంట కూర్చుండి, తల్లి వైపును, తండ్రి వైపును మూడు తరముల స్త్రీ పురుషుల పేర్లు, పుట్టిన యేడు, పోయిన యేడు, కారణము వ్రాసి ఉంచుకొనవలెను. కూతుండ్ర పేర్లు విడువరాదు. పెండ్లి అయి వేఱు ఇంటిపేరు పొందినను విడువరాదు. జబ్బు పేరు సిగ్గు లేక వ్రాయవలెను. ఆ కాగితమును బీరువాలో దాచక, ఇంటి ఆడుబిడ్డలందఱికి ఒక్కొక్క ప్రతి ఇవ్వవలెను. అనుమానము కలిగించు వరుస కనబడినచో వైద్యునకు చూపవలెను.

మా తాతగారి పద్దుపుస్తకమున చివర నాలుగు పుటలు ఖాళీగా ఉండినవి. మా చేతివ్రాత ఇప్పుడు కొంచెము వణకుచున్నది గాని, చదువుటకు వీలుగనే యున్నది. ఆ 19 మంది స్త్రీల పేర్లు ఎఱ్ఱ సిరాతో అందు ఎక్కించితిమి. మొదటి పేరు మా అమ్మమ్మది.